వర్డ్స్‌వర్త్ కవిత్వం మిల్‌ను నిజంగా కుంగుబాటు నుంచి బయటపడేసిందా?

మీరు అడిగినది ఇది: ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ ఇరవై ఏళ్ల వయసులో తీవ్రమైన కుంగుబాటుకు లోనై, ఆంగ్ల కవి వర్డ్స్‌వర్త్ కవితలు చదివి కోలుకున్నాడని ఒక పాఠ్యపుస్తకంలో చూశారు. అది నిజమా, నిజమైతే ఆ చదువులో అసలు ఏం జరిగింది, అలాంటిది ఇంకొకరికి కూడా జరుగుతుందా అన్నది మీ ప్రశ్న. మిల్ ఆత్మకథలోని ఐదో అధ్యాయాన్ని ఎం.ఏ. తరగతులకు ఇరవై ఏళ్లకు పైగా పాఠం చెప్పాను. ఈ ప్రశ్న దాదాపు ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడిగేవారు. నా మొదటి రెండు మూడేళ్ల జవాబులు తలుచుకుంటే ఇప్పుడు కొంచెం సిగ్గుగా ఉంటుంది.

నిజమే, కాని పాఠ్యపుస్తకం చెప్పినంత తిన్నగా జరగలేదు. 1826 శరత్తులో మొదలైన ఆ స్తబ్ధతలో తొలి పగులు తెచ్చినది కవిత్వం కాదు, ఒక ఫ్రెంచి రచయిత వచనం. వర్డ్స్‌వర్త్ ఆయన చేతికి వచ్చింది రెండేళ్ల తరవాత, 1828 శరత్తులో. అప్పటికి గండం గడిచింది గాని, జబ్బు అప్పుడప్పుడు తిరగబెడుతూనే ఉంది. ఆ కవిత్వంలో మిల్‌కు దొరికినది ప్రధానంగా అందమూ కాదు, సిద్ధాంతమూ కాదు. తాను పోగొట్టుకున్నదే మరొకడు కూడా పోగొట్టుకుని, దానికి బదులు మరొకటి సంపాదించుకున్నాడన్న సాక్ష్యం. ఆ సాక్షి తత్త్వం తప్పని అనుకుంటూనే మిల్ అతని సాక్ష్యాన్ని నమ్మాడు. నా దృష్టిలో ఈ ఉదంతంలో అసలు విశేషం ఇదే.

ఒక చిన్న సవరణ చేసి ముందుకు వెళతాను. మిల్‌ను మనం విక్టోరియా కాలపు రచయిత అంటాం, ఆయన ప్రధాన రచనలన్నీ ఆ కాలానివే కనుక అది తప్పు కాదు. అయితే ఈ చదువు జరిగిన 1828లో సింహాసనం మీద ఉన్నది నాలుగో జార్జి. విక్టోరియా రాణి కావడానికి ఇంకా తొమ్మిదేళ్లు ఉంది. పరీక్షలో రాసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

ఇప్పుడు నేపథ్యం. మిల్ 1806లో పుట్టాడు. తండ్రి జేమ్స్ మిల్ కొడుకును బడికి పంపకుండా తానే చదివించాడు: మూడో ఏట గ్రీకు, ఎనిమిదో ఏట లాటిన్. ఇది అందరికీ తెలిసిన సంగతే. అందరూ దాటేసే సంగతి ఒకటుంది: ఆ ఇంట్లో కవిత్వం లేకపోలేదు. ఆంగ్ల కవి పోప్ అనువదించిన హోమర్ ఇలియడ్‌ను చిన్నతనంలో ఇరవై ముప్ఫై సార్లు మొదటినుంచి చివరిదాకా చదివి ఉంటానని మిల్ స్వయంగా చెప్పుకున్నాడు. తండ్రి అతనిచేత పద్యాలు కూడా రాయించాడు. ఎందుకు రాయించాడో చూడండి. కొన్ని విషయాలు వచనంలోకన్న పద్యంలో బాగా, బలంగా చెప్పవచ్చునన్నది మొదటి కారణం. జనం పద్యానికి దాని యోగ్యతకు మించిన విలువ ఇస్తారు కనుక ఆ విద్య చేతిలో ఉండడం మంచిదన్నది రెండోది. నేను తరగతిలో ఈ రెండో కారణం చదివినప్పుడల్లా పిల్లలు నవ్వేవారు. కాని ఆ నవ్వు వెనక ఉన్నది ఆలోచించవలసిన విషయం. కవిత్వం ఒక పనిముట్టు అని నేర్చుకున్న కుర్రవాడికి, అది తన గురించి తనకే ఏదైనా చెప్పగలదన్న ఊహ ఎలా కలుగుతుంది?

తండ్రికి ఆప్తుడు, గురుతుల్యుడు అయిన తత్త్వవేత్త బెంథామ్ ఇంకొక అడుగు ముందుకు వేశాడు. కలిగించే సుఖం సమానమైతే పిల్లలు ఆడుకునే గుండుసూదుల ఆటకూ కవిత్వానికీ విలువలో తేడా లేదన్నది ఆయన వాదం. పదిహేనో ఏట, అత్యధికులకు అత్యధిక సుఖమే లక్ష్యమన్న బెంథామ్ సిద్ధాంతాన్ని చదివిన మిల్‌కు జీవితానికి ఒక గురి దొరికింది: లోకాన్ని సంస్కరించడం. పదిహేడో ఏట, 1823లో, తండ్రి పనిచేసే ఈస్టిండియా కంపెనీ కార్యాలయంలోనే గుమాస్తాగా చేరాడు. ఇండియాలోని ప్రభుత్వాలకు లండన్ నుంచి వెళ్లే ఉత్తరాల చిత్తులు రాసే శాఖ అది. పగలు ఆ ఉద్యోగం, మిగిలిన వేళల్లో వ్యాసాలు, చర్చాసభలు, వీటికి తోడు బెంథామ్ రాతప్రతులను కూర్చి అయిదు సంపుటాలుగా తీర్చే చాకిరీ.

1826 శరత్తులో ఒకనాడు తనను తాను ఒక ప్రశ్న వేసుకున్నాడు. నువ్వు కోరుకున్న సంస్కరణలన్నీ ఈ క్షణమే జరిగిపోయాయనుకో, నీకు గొప్ప సంతోషం కలుగుతుందా? లోపలినుంచి వచ్చిన జవాబు "లేదు". అంతే, కట్టుకున్నదంతా కూలింది. ఆయన ఇచ్చుకున్న కారణం కూడా ఒక విశ్లేషకుడు ఇచ్చుకునేదే. తన మంచి భావాలన్నీ పెంపకంలో అలవాటుగా అతికించినవే గనుక, ప్రతిదాన్నీ విడదీసి చూసే బుద్ధి ఆ అతుకులన్నిటినీ ఊడదీసిందని. ఎవరికీ చెప్పుకోలేదు. తండ్రికైతే అసలే చెప్పుకోలేడు, ఎందుకంటే ఆ చదువు కట్టినవాడే ఆయన. ఇలాంటి బతుకు ఏడాదికి మించి భరించలేననుకున్నాడు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పకుండా ఉండలేను. ఆ రోజుల్లో ఆయనకు కాస్తో కూస్తో ఊరటనిచ్చినది సంగీతం. అదీ ఎంతోకాలం నిలవలేదు. స్థాయిలో ఉన్నవి అయిదు పూర్ణస్వరాంతరాలు, రెండు అర్ధస్వరాంతరాలు మాత్రమే కదా, వాటి కలయికలు ఎప్పటికైనా అయిపోతాయి కదా, అప్పుడు కొత్త మొజార్టులు ఎక్కడినుంచి వస్తారన్న దిగులు పట్టుకుంది. ఇది చదివి నవ్వని విద్యార్థి లేడు. మిల్‌కు కూడా అది హాస్యాస్పదమని తెలుసు. అయినా దాచలేదు, ఎందుకంటే ఆ దిగులు స్వరూపమే ఆయన జబ్బు స్వరూపం: లెక్కపెట్టగలిగిన ఆనందం ఏదైనా ఏనాటికో ఖర్చయిపోతుందన్న భయం. వర్డ్స్‌వర్త్ సమాధానం చెప్పినది సరిగ్గా ఈ భయానికి, అందుకే ఈ ముచ్చట ఇక్కడ అవసరమైంది.

అనుకున్న ఏడాదిలో సగం కూడా గడవకముందే మార్మొంతెల్ అనే ఫ్రెంచి రచయిత జ్ఞాపకాలు చదువుతుండగా, తండ్రి చనిపోయి కుటుంబం దిక్కులేనిదైన ఘట్టం వచ్చింది. ఇంకా పిల్లవాడైన ఆ రచయిత, ఇకమీద మీకు అన్నీ నేనే అవుతానని ఇంటివాళ్లకు ధైర్యం చెబుతాడు. మిల్ కంట నీరు తిరిగింది. తాను రాయీ రప్పా కాదని తెలిసింది. తండ్రి మరణ ఘట్టమే ఎందుకు కదిలించిందని మనస్తత్వశాస్త్రజ్ఞులు చాలా రాశారు. ఆ చర్చ నాకు పెద్దగా ఉపయోగపడలేదు. మన ప్రశ్నకు కావలసినది ఇంతే: కన్నీరు తెప్పించినది వచనం. ఆ తరవాత కూడా జబ్బు చాలాసార్లు తిరగబెట్టిందని, కొన్నిసార్లు నెలల తరబడి ఉందని ఆయనే రాశాడు.

ఆ కాలపు మరో ఆంగ్ల కవి బైరన్ ఎందుకు పనిచేయలేదు? దీన్ని తరచుగా వదిలేస్తారు. కుంగుబాటు అతి తీవ్రంగా ఉన్న రోజుల్లో మిల్ బైరన్‌ను మొత్తం చదివాడు. గాఢమైన భావావేశం బైరన్ ప్రత్యేకత అంటారు గనుక, తనలో ఎండిపోయిన భావాలను అది కదిలిస్తుందేమోనని పరీక్ష పెట్టుకున్నాడు. ఫలం లేదు. ఆ కవి మనఃస్థితి తన మనఃస్థితికి మరీ దగ్గరగా ఉందని, సుఖాలన్నీ అనుభవించి విసిగినవాడి విలాపం తనకేం చేస్తుందని అన్నాడు. మొదట చూస్తే ఇది వింతగా ఉంటుంది. వర్డ్స్‌వర్త్‌లో తన అనుభవమే కనిపించిందని మెచ్చుకున్నవాడే, బైరన్‌లో తన అనుభవమే కనిపించిందని తోసిపుచ్చాడు! తేడా ఎక్కడుందంటే, బైరన్ తెలిపినది జబ్బును మాత్రమే. వర్డ్స్‌వర్త్ తెలిపినది జబ్బును, ఆ తరవాతి జీవితాన్ని కూడా. సాటి రోగి వేరు, ఆ రోగం వచ్చి తగ్గినవాడు వేరు. మంచం పట్టిన మనిషి ఎవరి మాట వినాలనుకుంటాడో వేరే చెప్పనక్కరలేదు.

1828 శరత్తులో ఆయన కుతూహలం కొద్దీ, పెద్ద ఆశలేమీ పెట్టుకోకుండా తెరిచినవి 1815లో అచ్చయిన రెండు సంపుటాల కవితలు. అంతకు రెండు మూడేళ్ల ముందు వర్డ్స్‌వర్త్ సుదీర్ఘ కావ్యం ఒకటి తిరగేసి, అందులో తనకు పెద్దగా ఏమీ దొరకలేదని పక్కన పెట్టాడు. ఈసారి మాత్రం పట్టుకుంది. మొదట పట్టినది కొండలు. పద్నాలుగో ఏట ఫ్రాన్సులో ఉన్నప్పుడు చూసిన పిరనీస్ పర్వతాలు అప్పటినుంచీ ఆయనకు ప్రకృతి సౌందర్యానికి కొలబద్ద. అయితే మిల్ అక్కడ ఆగకుండా రాసిన మాట నాకు చాలా ఇష్టం. ప్రకృతి వర్ణన మాత్రమే అయితే కవి, నవలాకారుడు వాల్టర్ స్కాట్ ఇంకా బాగా చేస్తాడు, ఒక రెండో రకం కొండప్రదేశాన్ని స్వయంగా చూడడం ఏ కవికన్నా బాగా చేస్తుంది అన్నాడు. అంటే వర్డ్స్‌వర్త్‌ను ప్రకృతి కవి అని పిలిచి చేతులు దులుపుకోవడం మిల్‌కు సరిపోలేదు. ఆ కవితల్లో ఉన్నది బయటి అందం కాదని, అందం ముందు నిలబడ్డ మనసు స్థితి అని, భావం రంగు పులుముకున్న ఆలోచన అని అన్నాడు. వాటిని తన మనఃస్థితికి మందు అన్నాడు.

ఆ మందు ఏ భయానికి పనిచేసిందో చూడండి. పోరాటంతో గాని లోకంలోని లోపాలతో గాని సంబంధం లేని ఆనందం, అందరూ పంచుకోగలిగిన ఆనందం ఒకటి ఉందని ఆ కవితలు ఆయనకు అనుభవంలో చూపాయి. సంస్కర్తకు ఇది ఎంత అవసరమో ఊహించండి. లోకంలోని చెడు అంతా తొలగిపోయాక మనుషులు ఇంక దేనివల్ల సంతోషిస్తారన్న ప్రశ్నే కదా 1826లో ఆయనను పడగొట్టింది. స్వరాల లెక్కలాగా అయిపోని ఆనందం ఒకటి దొరికింది.

ఇక 'అమరత్వ సూచనలు' అని పిలిచే ఓడ్, అంటే గంభీరమైన దీర్ఘగీతం. బాల్యంలో గడ్డిపరకకూ పువ్వుకూ ఉండిన కాంతి పెద్దయ్యాక కనిపించకుండా పోయిందన్న దుఃఖంతో అది మొదలవుతుంది. ఆ గడియ తిరిగిరాకపోయినా శోకించం, మిగిలినదానిలోనే బలం వెతుక్కుంటాం అన్న నిశ్చయానికి చేరుతుంది. ఒక ఏడాది ఒక అమ్మాయి, అంతవరకు తరగతిలో నోరు విప్పనిది, లేచి అడిగింది: "సార్, ఇందులోని ఫిలాసఫీ తప్పని మిల్ అంటున్నాడు కదా, మరి తప్పు చెప్పేవాడి మాట వల్ల ఊరట ఎలా కలిగింది?" నిజంగానే మిల్ ఆ ఓడ్‌లో జనం ఎప్పుడూ ఉదహరించే రెండు భాగాలను చిత్రణ గంభీరం, తత్త్వం తప్పు అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆ రెండూ ఏవో పేరుపెట్టి చెప్పలేదు గాని, పుట్టుకకు ముందే ఆత్మ మరెక్కడో ఉండి వచ్చిందన్న భాగం వాటిలో ఒకటై ఉంటుందని నా ఊహ. మత విశ్వాసం లేకుండా పెరిగిన ఆయనకు ఆ మాట మింగుడుపడదు. ఆయన పట్టుకున్నది మరొకటి. ఈ కవికీ నావంటి అనుభవమే కలిగింది, తొలి యౌవనపు తాజాదనం నిలవదని ఇతనికీ తెలిసింది, కాని ఇతను బదులుగా మరొకటి వెతికి సాధించాడు, ఆ దారినే ఇప్పుడు నాకు చూపుతున్నాడు అనుకున్నాడు.

ఆ అమ్మాయికి ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వెళ్లి ఆ పుటలు మళ్లీ చదివాక తోచింది ఇది: మిల్ ఆ ఓడ్‌ను వాదనగా చదవలేదు, వాంగ్మూలంగా చదివాడు. వాదనలో ఒక మెట్టు తప్పితే ముగింపు కూలుతుంది. వాంగ్మూలంలో సాక్షి చెప్పుకున్న కారణం తప్పయినా, తనకు జరిగిందని చెప్పినది జరిగి ఉండవచ్చు. తర్కానికే పెద్దపీట వేసిన ఇంట్లో పెరిగినవాడు ఈ తేడాను ఎవరూ చెప్పకుండా, ఒంటరిగా ఒక పుస్తకం ముందు కూర్చుని కనుక్కున్నాడు. మరునాడు తరగతిలో ఈ జవాబు చెప్పాను. ఆ అమ్మాయి అంతగా ఒప్పుకున్నట్టు కనిపించలేదు, అది వేరే సంగతి.

నా సొంత ఊహ ఒకటి, ఊహగానే తీసుకోండి. 1815 సంపుటాల్లో వర్డ్స్‌వర్త్ తన కవితలను కాలక్రమంలో పెట్టలేదు. అనురాగాల కవితలు, కల్పనా కవితలు, భావన-చింతన కవితలు అంటూ మనోవ్యాపారాల వారీగా వర్గీకరించాడు. చాలామంది పాఠకులకు ఈ ఏర్పాటు చాదస్తంగా తోచింది. మిల్ వంటి వర్గీకరణ ప్రియుడికి మాత్రం అది పరిచయమున్న గుమ్మంలా కనిపించి ఉంటుందని నాకు అనిపిస్తుంది. ఆయన ఈ మాట ఎక్కడా అనలేదు.

ఇప్పుడు జాగ్రత్తలు. మనకున్న కథనం 1828లో రాసుకున్న దినచర్య కాదు. ఆత్మకథ తొలి చిత్తు 1853-54 ప్రాంతంలో రాసినది. అచ్చయింది 1873లో, ఆయన చనిపోయిన తరవాత. అంటే పాతికేళ్లు దాటిన జ్ఞాపకం. అప్పటికి ఆయనకు భావాల పెంపకం గురించి స్థిరమైన సిద్ధాంతం ఉంది, జ్ఞాపకం దానికి అనుగుణంగా కొంత సర్దుకుని ఉండవచ్చు. క్రమంగా, కాని పూర్తిగా బయటపడ్డాను, మళ్లీ దానికి లోనుకాలేదు అన్న ఆయన మాటను నేను అక్షరాలా తీసుకోను. 1836లో తండ్రి పోయిన ఏడాది ఆయన నరాల జబ్బుతో బాగా బాధపడ్డాడు. అబద్ధమాడాడని నా ఉద్దేశం కాదు. కోలుకున్నవాడు తన కథను కోలుకున్నవాడిగానే చెబుతాడు.

అందుకే పక్కన పెట్టి చూడడానికి ఆ రోజే రాసిన సాక్ష్యం ఒకటి ఇస్తాను. 1839 నవంబరు 22న, తన ఇరవయ్యో పుట్టినరోజున, వార్విక్‌షైర్‌లో తండ్రి ఇల్లు చూసుకుంటున్న మేరీ ఆన్ ఎవాన్స్ తన పాత ఉపాధ్యాయినికి ఒక ఉత్తరం రాసింది. తరవాత జార్జ్ ఎలియట్ అన్న పేరుతో నవలలు రాసినది ఈమే. వర్డ్స్‌వర్త్ ఆరు సంపుటాలూ కొనుక్కున్నానని చెప్పి, తన సొంత భావాలు ఇన్ని, తాను కోరుకున్న రీతిలోనే చెప్పినవి ఇంతకుముందు ఎక్కడా కనబడలేదని రాసింది. ఇక్కడ కుంగుబాటు లేదు, మందు లేదు. అదే ఏడాది మార్చిలో, చిన్నప్పుడు చదివిన నవలలు తన మనసుకు అంటించిన రోగాలు చచ్చేదాకా వదలవని అదే ఉపాధ్యాయినికి రాసిన నిష్ఠాపరురాలైన క్రైస్తవురాలు ఆమె. అటువంటి అమ్మాయి కవిత్వం కొనుక్కోవడాన్ని తనకు తాను ఇచ్చుకున్న భోగంగా ఒప్పుకుంటూ ఈ మాట రాసింది. మతం వద్దన్న ఇంట్లో పెరిగిన కుర్రవాడూ, మతంలో మునిగిన అమ్మాయీ ఒకే కవి దగ్గర ఒకే రకం మాట అన్నారు: ఇవి నావే. ఆ పరిచయం ఆమెలో ఎంతకాలం నిలిచిందో చూడాలంటే 1861లో అచ్చయిన ఆమె నవల సైలస్ మార్నర్ తెరవండి, మొదటి పుటలోనే వర్డ్స్‌వర్త్ పంక్తులు ఉంటాయి. వర్డ్స్‌వర్త్ చనిపోయాడు గనుక ఈ కథ తనకు తప్ప ఇంకెవరికీ నచ్చదనుకున్నానని ప్రచురణకర్తకు రాసింది కూడా.

దీన్ని మన రససిద్ధాంతంతో ముడిపెట్టి రాయవచ్చా అని కూడా చాలామంది అడుగుతారు. తొందరపడవద్దని నా సలహా. సాధారణీకరణం అన్నప్పుడు పాఠకుడి సొంత సుఖదుఃఖాలు కాసేపు పక్కకు జరుగుతాయి. నా దుఃఖం, వాడి దుఃఖం అన్న గీత చెరిగిపోతుంది. మిల్ చదువులో జరిగినది దాదాపు దీనికి వ్యతిరేకం. ఆయన తన దుఃఖాన్ని పట్టుకునే చదివాడు, దానికి జోడీ వెతికాడు.

ఈ ఏకాంత పఠనం తరవాత బయటికి ఎలా వచ్చిందో చెప్పాలి. 1829లో లండన్ చర్చాసభలో బైరన్ పక్షాన మిత్రుడు రోబక్, వర్డ్స్‌వర్త్ పక్షాన మిల్ రెండు సాయంత్రాలు వాదించుకున్నారు. వర్డ్స్‌వర్త్ కవిత్వమంతా పూలూ సీతాకోకచిలుకలే అన్నది రోబక్ ఆక్షేపణ. ఆ తరవాత వారిద్దరూ దూరమవుతూ వచ్చారు. 1831లో మిల్ వర్డ్స్‌వర్త్ ఉండే సరస్సుల ప్రాంతానికి వెళ్లి ఆ కవిని కలుసుకున్నాడు. 1833లో కవిత్వం అంటే ఏమిటన్న వ్యాసంలో, వక్తృత్వం మనం వినడానికి చెప్పినది, కవిత్వం మన చెవిన పడినది అన్నాడు. కవి వినేవారున్నారన్న స్పృహ లేకుండా తనతో తాను చెప్పుకుంటున్న మాట అని దాని అర్థం. ఈ నిర్వచనానికి విమర్శలు చాలా ఉన్నాయి. నాటకం సంగతేమిటి, సభలో చదివే పద్యం సంగతేమిటి అని నేనూ అడుగుతాను. కాని 1828 శరత్తులో ఎవరికీ చెప్పుకోలేని మనిషి, పక్కగదిలో మరొకడు తనలో తాను చెప్పుకుంటున్న మాట గోడకు చెవి ఆనించి విన్నట్టుగా చదివాడని గుర్తుంటే, ఈ నిర్వచనం ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది.

చివరగా, మీకూ అలా జరుగుతుందా అన్నారు. ప్రశ్నలోనే మీకు కొన్ని వారాలుగా దేనిమీదా మనసు లగ్నం కావడం లేదని రాశారు గనుక సూటిగా చెబుతాను: ముందు ఒక వైద్యుడిని కలవండి, లేదా ప్రభుత్వ టెలి-మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. మిల్‌కు ఆ అవకాశం లేదు, మీకు ఉంది. చదవడం దానితోపాటు సాగవచ్చు. ఏం చదవాలంటే మాత్రం, మిల్ చదివినది చదివితే మిల్‌కు జరిగినదే జరుగుతుందనుకోవద్దు. ఆయన తానే ఒక షరతు పెట్టాడు: వర్డ్స్‌వర్త్ కవిస్వభావం లేనివారి కవి అన్నాడు, నెమ్మదైన ఆలోచనాపరులకు సరిపోతాడన్నాడు. నా విద్యార్థుల్లో సగం మందికి వర్డ్స్‌వర్త్ నిద్ర తెప్పించేవాడు. వాళ్లలో ఒకడికి బైరనే పనికొచ్చాడు. మిల్‌కు అక్కరకు రాని కోపమే ఆ కుర్రవాడికి అక్కరకు వచ్చింది.

అయినా వర్డ్స్‌వర్త్‌తోనే మొదలుపెడతానంటే, బడిలో చదివిన పసుపుపూల కవితను కొన్నాళ్లు పక్కన పెట్టండి, దాన్ని మనం పరీక్షల కోసం మరీ అరగదీశాం. 'మైకేల్' చదవండి, కొడుకు తిరిగిరాని ముసలి గొర్రెలకాపరి కథ. ఓడ్‌ను చివరికి ఉంచుకోండి; 1815 సంపుటాల్లో వర్డ్స్‌వర్త్ కూడా దాన్ని అక్కడే ఉంచాడు.